దొంగ బంగారం లెక్క: సుంకం ఎంత ఉంటే స్మగ్లింగ్ గిట్టుబాటవుతుంది?

2024 జూలై 23న కేంద్ర బడ్జెట్‌లో బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. ఆ నిర్ణయం అమలుకు సరిహద్దులో ఒక్క జవానూ, విమానాశ్రయంలో ఒక్క స్కానరూ అదనంగా అక్కర్లేకపోయాయి. అయినా మర్నాటి నుంచే దొంగ బంగారం తెచ్చేవాళ్ల రాబడి సగానికి పడిపోయింది. అప్పటికే తెచ్చి, అమ్మకుండా దాచుకున్న సరుకు విలువ వాళ్ల చేతుల్లోనే కరిగిపోయింది. స్మగ్లింగ్ అనగానే పట్టుబడ్డ బిస్కెట్లను బల్ల మీద పేర్చి తీసిన ఫొటోలు గుర్తొస్తాయి. ఆ ఫొటోలు చూస్తే దొంగ దొరికాడని తెలుస్తుంది, దొంగతనం ఎందుకు గిట్టుబాటయిందో తెలియదు. అది తెలియాలంటే లెక్క వేయాలి.

ఒకే వస్తువుకు రెండు చోట్ల రెండు ధరలుండి, ఆ తేడా రవాణా ఖర్చును మించితే సరుకు కదులుతుంది. మామూలు వ్యాపారమూ ఇదే. ఆ తేడా ప్రభుత్వ నిర్ణయం వల్ల పుట్టి, సరుకు చట్టం కళ్లుగప్పి కదిలితే దాన్ని స్మగ్లింగ్ అంటాం. ప్రభుత్వ నిర్ణయం ధరల్లో తేడా తెచ్చే దారులు మూడు: పన్ను వేయడం, నిషేధించడం, సబ్సిడీ ఇవ్వడం. మన దేశంలో మొదటిదానికి బంగారం, రెండోదానికి ఎర్రచందనం, మూడోదానికి రేషన్ బియ్యం మంచి ఉదాహరణలు. ఇక్కడ ఎక్కువ భాగం బంగారం గురించే రాస్తున్నాను. దేశ ఖాతాలను స్మగ్లింగ్ ఎలా తారుమారు చేస్తుందో బంగారంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

కిలో బంగారం లెక్క

లెక్క తేలిగ్గా ఉండటానికి అంతర్జాతీయ ధర 10 గ్రాములకు 70,000 రూపాయలు అనుకుందాం. అంటే కిలో 70 లక్షలు. 15 శాతం సుంకం ఉన్న రోజుల్లో సక్రమంగా దిగుమతి చేసుకున్నవాడు కిలోకు 10.5 లక్షలు కట్టాలి. సుంకం కలిపిన 80.5 లక్షల మీద 3 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 2.4 లక్షలు. మొత్తం 12.9 లక్షలు. బిల్లు లేకుండా చివరి కొనుగోలుదారు దాకా వెళ్లే బంగారానికి ఈ 12.9 లక్షలూ మిగులే. సుంకం 6 శాతానికి దిగితే అదే కిలో మీద సుంకం 4.2 లక్షలు, జీఎస్టీ 2.2 లక్షలు, కలిపి 6.4 లక్షలు.

ఈ మిగులంతా ఒక్కరి జేబులోకి పోదు. మోసుకొచ్చేవాడికి టికెట్టు, కూలి ఇవ్వాలి. విదేశంలో బంగారం కొనడానికి డాలర్లో దిర్హామ్‌లో సమకూర్చినవాడికి కమీషన్ ఇవ్వాలి. ఇక్కడ కొనే వ్యాపారికి ధర తగ్గించి ఇవ్వాలి. ఈ తగ్గింపు ఊరికే రాదు. కస్టమ్స్ చట్టం 1962లోని 123వ సెక్షన్ ప్రకారం, ఇది దొంగ బంగారమని అధికారులు సహేతుకంగా నమ్మి పట్టుకుంటే, కాదని రుజువు చేయాల్సిన భారం ఆ బంగారం ఎవరి దగ్గర దొరికిందో వాళ్లదే. కరిగించి నగ చేసేదాకా కొన్నవాడి నెత్తిన ఆ కత్తి వేలాడుతూనే ఉంటుంది కాబట్టి ఆ భయానికి అతను వెల కడతాడు. వీటన్నిటికన్నా పెద్ద ఖర్చు, పట్టుబడితే పోయే సరుకు.

కూలికి లక్ష, డబ్బు సమకూర్చినందుకు లక్ష, కొన్నవాడికి తగ్గింపు 2 లక్షలు వేసుకుందాం. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు, మార్కెట్టులో రోజురోజుకీ మారతాయి. 20 ఖేపుల్లో (విడతల్లో) ఒకటి పట్టుబడుతుందనుకుంటే, 70 లక్షల్లో 5 శాతం, అంటే సగటున ఖేపుకు 3.5 లక్షలు పోయినట్టు. మొత్తం ఖర్చు 7.5 లక్షలు. 15 శాతం సుంకం దగ్గర కిలోకు 5.4 లక్షల లాభం. 6 శాతం దగ్గర దాదాపు 1.1 లక్షల నష్టం.

ఇదే లెక్కను తిప్పి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఎన్ని ఖేపులకు ఒకటి పట్టుబడితే ఈ వ్యాపారం మూతపడుతుంది? 15 శాతం సుంకం దగ్గర ప్రతి 8 ఖేపుల్లో ఒకటి పోయినా అసలు గిట్టుతుంది. 6 శాతం దగ్గర 29 ఖేపుల్లో ఒకటి కన్నా ఎక్కువ పోతే నష్టమే. సుంకం ఎక్కువ ఉన్నప్పుడు కస్టమ్స్ వాళ్లు ఎంత కష్టపడినా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇది. 8లో ఒకటి పట్టుకోవడమంటే మామూలు మాట కాదు. కిలో బంగారం ఘనపరిమాణం 52 ఘన సెంటీమీటర్లు, చేతిలో ఉండే మొబైల్ ఫోను కన్నా చిన్నది. రోజూ వేలమంది దిగే విమానాశ్రయంలో దాన్ని వెతకాలి. 29లో ఒకటి పట్టుకోవడం మాత్రం ఇప్పుడున్న సిబ్బందితో, ముందస్తు సమాచారంతో సాధ్యమయ్యే పని.

మోసుకొచ్చేవాళ్లను చాలామంది పెట్టుకోవడం కూడా ఈ లెక్కలో భాగమే. 10 కిలోలు ఒక్కడి చేత పంపితే పట్టుబడ్డ రోజు మొత్తం పోతుంది. పదిమంది చేత పంపితే ఒకడు దొరికినా తొమ్మిది మిగులుతాయి. బీమా కంపెనీ నష్టాన్ని పదిమంది మీదకు పంచినట్టే పెట్టుబడి పెట్టినవాడు పంచుతాడు. తేడా ఏమిటంటే ఇక్కడ జైలుకెళ్లేది మోసుకొచ్చినవాడు. చాలాసార్లు అతను గల్ఫ్‌లో పని పోయి, చేతిలో తిరుగు టికెట్టుకు కూడా డబ్బు లేని కూలీ. వెనక ఉన్నవాడు తెర ముందుకు రాడు. పట్టుబడిన కేసుల సంఖ్య పెరిగినా వ్యాపారం ఆగదనడానికి ఇదొక కారణం.

ఆ డాలర్లు ఎక్కడివి?

స్మగ్లింగ్ వల్ల ప్రభుత్వానికి సుంకం పోతుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ నా ఉద్దేశంలో అది చిన్న నష్టం. దుబాయ్‌లో బంగారం అమ్మేవాడు రూపాయలు తీసుకోడు. దిర్హామ్‌లో డాలర్లో కావాలి. స్మగ్లర్ బ్యాంకుకెళ్లి డాలర్లు అడగలేడు. మరి ఎక్కడ తెస్తాడు?

ఎక్కువగా హవాలా నుంచి. గల్ఫ్‌లో పనిచేసే మనిషి ఇంటికి 1,000 దిర్హామ్‌లు పంపాలి. బ్యాంకు ద్వారా పంపితే ఆ దిర్హామ్‌లు మన దేశపు విదేశీ మారక ఖాతాలోకి వచ్చి, ఇంటివాళ్లకు రూపాయలు అందుతాయి. హవాలా ఏజెంటు బ్యాంకు కన్నా కాస్త మంచి రేటు ఇస్తాడు, ఇంటికే తెచ్చి ఇస్తాడు. కానీ ఆ దిర్హామ్‌లు దుబాయ్ దాటవు. వాటితో అక్కడే బంగారం కొంటారు. బంగారం ఇక్కడికి వచ్చి బిల్లు లేకుండా అమ్ముడవుతుంది. ఆ రూపాయలనే ఆ కార్మికుడి ఇంట్లో అందిస్తారు. చక్రం పూర్తయింది. దేశానికి రావలసిన విదేశీ మారకం బదులు బంగారం వచ్చింది, బ్యాంకులో ఒక్క పద్దు కూడా పడలేదు.

హవాలా ఏజెంటు మంచి రేటు ఎక్కడి నుంచి ఇవ్వగలుగుతున్నాడు? బంగారం మీద ఎగ్గొట్టిన సుంకం నుంచే. సుంకం పెరిగితే దిర్హామ్‌కు స్మగ్లర్ ఇవ్వగలిగే రేటు పెరుగుతుంది. అప్పుడు ఇంకా ఎక్కువమంది బ్యాంకు వదిలి హవాలా వైపు మొగ్గుతారు. బంగారం మీద సుంకం వేస్తే గల్ఫ్ కార్మికుడి డబ్బు దారి మళ్లుతుందన్న సంగతి సుంకం వేసే రోజు ఎవరూ చెప్పరు.

హవాలా సరిపోనప్పుడు ఎగుమతుల విలువ తక్కువ చూపించడం, దిగుమతుల విలువ ఎక్కువ చూపించడం ఉంటాయి. 100 డాలర్ల సరుకు పంపి 80 అని బిల్లు రాస్తే మిగతా 20 డాలర్లు బయటే ఉండిపోతాయి. బంగారానికి అవి పనికొస్తాయి. ఇటు దిగుమతి సుంకం తగ్గించుకోవడానికి ఇతర సరుకుల విలువ తక్కువ రాయించే దిగుమతిదారుకూ ఆ మిగతా సొమ్ము చెల్లించడానికి దొంగ డాలర్లే కావాలి. అంటే బంగారం స్మగ్లరూ అతనూ ఒకే బావిలో నీళ్లు తోడుతున్నారు. అందుకే ఈ నేరాలను విడివిడిగా చూస్తే ఏదీ అర్థం కాదు.

ఇప్పుడు దేశ ఖాతా చూడండి. కరెంటు ఖాతా లోటు, అంటే సరుకులకూ సేవలకూ విదేశాలకు పోయే సొమ్ము అక్కడి నుంచి వచ్చే సొమ్మును మించిన తేడా, తగ్గించడానికి బంగారం దిగుమతి మీద సుంకం పెంచారనుకుందాం. సక్రమ దిగుమతి 100 టన్నులు తగ్గి, ఆ 100 టన్నులూ దొంగదారిన వచ్చాయి. లెక్కల్లో దిగుమతి బిల్లు తగ్గింది. కానీ ఆ బంగారానికి చెల్లించడానికి దారి మళ్లిన కార్మికుల సొమ్ము కూడా లెక్కల్లోంచి అంతే తగ్గింది. ఒక పక్క తగ్గిన ఖర్చును రెండో పక్క తగ్గిన రాబడి మింగేసింది. లోటు ఉన్నచోటే ఉంది. పైగా సుంకం పోయింది, బ్యాంకుల ద్వారా జరగాల్సిన లావాదేవీ పోయింది, వ్యవస్థలో నల్లధనం పెరిగింది. సుంకం వల్ల నిజంగా బంగారం కొనడం మానుకున్నవాళ్లు ఎంతమందో అంత మేరకే దేశానికి డాలర్లు మిగిలాయి. మిగతాదంతా కాగితం మీద ఆదా. మన దేశానికి ఏటా పదివేల కోట్ల డాలర్లకు పైగా ప్రవాసుల సొమ్ము వస్తుంది, ప్రపంచంలో ఇంత పెద్ద మొత్తం మరే దేశానికీ రాదు. దాన్ని కదిలించే ఏ నిర్ణయమైనా రూపాయి మీద ప్రభావం చూపకుండా ఉండదు.

ఒకసారి కాదు, రెండుసార్లు చూశాం

1962 చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకం కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లో, 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చారు. కొత్త నగ 14 క్యారెట్లకు మించకూడదన్నారు, అంటే నూటికి 58 వంతులే బంగారం. 22 క్యారెట్ల నగకు అలవాటుపడ్డ ఇళ్లు దాన్ని ఒప్పుకోలేదు. స్వర్ణకారుల కుటుంబాలు ఉపాధి కోల్పోయి వీధిన పడ్డాయి. 1968లో దాన్ని పూర్తి స్థాయి బంగారం నియంత్రణ చట్టంగా మార్చారు. దేశంలో కోరిక తగ్గలేదు, సక్రమ సరఫరా మాత్రం మూసుకుపోయింది. దుబాయ్ నుంచి పడవల్లో పది తులాల బిస్కెట్లు, ఒక్కొక్కటి 116.64 గ్రాములు, బొంబాయి తీరానికి చేరేవి. 1974లో విచారణ లేకుండా నిర్బంధించే కాఫిపోసా చట్టం, 1976లో స్మగ్లర్ల ఆస్తుల జప్తు చట్టం వచ్చాయి. ధరల తేడా అలాగే ఉంది, వ్యాపారమూ అలాగే ఉంది.

1990లో నియంత్రణ చట్టం రద్దయింది. 1991లో విదేశీ నిల్వలు అడుగంటి, దేశం 20 టన్నుల బంగారం అమ్మి, 47 టన్నుల దాకా తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ప్రవాస భారతీయులు సుంకాన్ని విదేశీ మారకంలో కట్టి 5 కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. 1997లో బ్యాంకులకు నేరుగా దిగుమతి అనుమతి ఇచ్చారు. సక్రమ దారి తెరుచుకున్నాక బంగారం స్మగ్లింగ్ కుంచించుకుపోయింది. 1970లలో పోలీసు చట్టాలు చేయలేని పనిని 1990లలో సుంకం రేటు చేసింది.

తర్వాత మళ్లీ మొదటికొచ్చాం. 2012–13లో కరెంటు ఖాతా లోటు జీడీపీలో 4.8 శాతానికి, సుమారు 8,800 కోట్ల డాలర్లకు చేరింది. 2012 ఆరంభంలో 2 శాతంగా ఉన్న సుంకం 2013 ఆగస్టుకు 10 శాతానికి ఎక్కింది. దాదాపు అదే సమయంలో రిజర్వ్ బ్యాంకు 80:20 నిబంధన తెచ్చింది: ప్రతి దిగుమతిలో ఐదో వంతు ఎగుమతిదారులకే ఇవ్వాలి, అది నగలుగా మారి బయటికి వెళ్తేనే తర్వాతి సరుకుకు అనుమతి. ఇది పన్నుకు తోడు కోటా. పన్ను వల్ల పెరిగే ధరకు హద్దు ఉంటుంది, కోటా వల్ల పెరిగే ధరకు ఉండదు. సరుకు దొరక్క 2013 డిసెంబరులో దేశీయ ధర లండన్ ధర కన్నా ఔన్సుకు 160 డాలర్ల దాకా ఎక్కువ పలికింది. ఔన్సు 1,230 డాలర్ల చుట్టూ ఉన్న రోజులవి, అంటే సుంకానికి పైన ఇంకో 13 శాతం. ఇంత తేడా ఉంటే 8లో ఒకటి కాదు, 5లో ఒకటి పోయినా గిట్టుతుంది. ఆ ఏడాది 150 నుంచి 200 టన్నులు దొంగదారిన వచ్చాయని వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ అంచనా వేసింది. 2014 నవంబరులో 80:20 ఎత్తేశారు. సుంకం మాత్రం తగ్గలేదు, 2019లో 12.5కు, మధ్యలో కొంత దిగి 2022 జూలైలో 15కు చేరింది.

2013–14లో లోటు జీడీపీలో 1.7 శాతానికి తగ్గిన మాట వాస్తవం. దాన్ని బంగారం నియంత్రణ విజయంగా చెప్పుకున్నారు. అందులో కొంత నిజమే, బంగారం కొనుగోళ్లు కొంత తగ్గాయి. కానీ 150 టన్నులే అనుకున్నా అప్పటి ధరలో 600 కోట్ల డాలర్ల బంగారం లెక్కలో లేకుండా వచ్చింది, దానికి చెల్లించిన 600 కోట్ల డాలర్లూ లెక్కలో లేకుండానే పోయాయి. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పడం న్యాయం కాదు.

నష్టపోయేది ఎవరు

ముందుగా, పన్ను కట్టే వ్యాపారి. బులియన్ (ముడి బంగారం) వ్యాపారంలో లాభం శాతంలో చిన్న ముక్క. పక్క దుకాణం కిలో మీద 2, 3 లక్షలు తక్కువకు కొంటుంటే అతను తరుగులో, మజూరీలో పోటీ పడలేడు. అతని ముందు రెండే దారులుంటాయి: తానూ బిల్లు లేని జీరో వ్యాపారంలోకి దిగడం, లేదా దుకాణం కుదించుకోవడం. స్మగ్లింగ్ పెరిగిన కాలంలో దేశీయ మార్కెట్టు ధర, సుంకం కలిపిన అధికారిక ధర కన్నా కిందికి జారుతుంది. దీన్నే డిస్కౌంటు అంటారు. డిస్కౌంటు లోతుగా, చాలా వారాలు కొనసాగితే సక్రమంగా దిగుమతి చేసే బ్యాంకులకు, శుద్ధి కర్మాగారాలకు గిట్టదు, వాళ్లు కొనడం తగ్గిస్తారు. పండగల, పెళ్లిళ్ల గిరాకీ బాగా ఉన్నా డిస్కౌంటు తగ్గడం లేదంటే ఎక్కడి నుంచో సరుకు దిగుతోందనే అర్థం.

హాల్‌మార్క్ దీన్ని ఆపుతుందని కొందరు అనుకుంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి నగల మీద హెచ్‌యూఐడీ, అంటే ప్రతి నగకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు కోడ్, తప్పనిసరి. అది మంచి నిబంధన, కొనేవాళ్లు క్యారెట్లలో మోసపోకుండా కాపాడుతుంది. కానీ హెచ్‌యూఐడీ బంగారం నాణ్యతను చెబుతుంది, పుట్టుకను చెప్పదు. కరిగించిన క్షణంలో బిస్కెట్టు మీది ముద్ర, సీరియల్ నంబరు మాయమవుతాయి. మేలిమి బంగారం ఎక్కడి నుంచి వచ్చినా మేలిమే.

రెండో నష్టం కంటికి కనిపించదు. సుంకం ఎగ్గొట్టినా ఆ డబ్బు దేశంలోనే ఎవరి చేతికో వస్తుంది కదా, నష్టమేముంది అని అడిగేవాళ్లున్నారు. 1973లో ఆర్థికవేత్తలు జగదీశ్ భగవతి, బెంట్ హాన్సెన్ ఈ ప్రశ్నకు చక్కటి జవాబిచ్చారు. సుంకం కట్టినప్పుడు అది చేతులు మారే డబ్బు మాత్రమే, వ్యాపారి నుంచి ఖజానాకు వెళ్తుంది. స్మగ్లింగ్‌లో ఆ తేడాలో కొంత భాగం నిజమైన వనరులుగా ఖర్చయిపోతుంది: తిరుగుడు ప్రయాణాలు, మనుషుల శ్రమ, దాచే ఏర్పాట్లు, లంచాలు నడిపే యంత్రాంగం. సక్రమ సరుకూ దొంగ సరుకూ మార్కెట్టులో ఒకే ధరకు అమ్ముడవుతుంటే కొనేవాళ్లకు చవక కూడా దక్కదు. ఖజానాకు రానిదీ, కొనేవాళ్లకు అందనిదీ అయిన ఆ భాగం పూర్తిగా వ్యర్థం.

మూడోది, ఏర్పడిన దారి ఒక సరుకుకే పరిమితం కాదు. 1993 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని రాయగఢ్ తీరంలో, వెండి దించడానికి అలవాటైన రేవుల్లోనే ఆర్‌డీఎక్స్ దిగింది. కళ్లు మూసుకోవడానికి డబ్బు తీసుకునే అలవాటు అప్పటికే ఉంది. మార్చి 12న బొంబాయిలో పేలుళ్లు జరిగాయి. ఆ కేసులో కస్టమ్స్ అధికారులకు కూడా శిక్షలు పడ్డాయి. లంచాన్ని స్మగ్లర్ ఖర్చుల పట్టికలో ఒక అంకెగా రాసుకుంటాడు. దేశానికి దాని వెల ఆ అంకెతో తేలదు.

నిషేధం వేరు, సబ్సిడీ వేరు

బంగారం విషయంలో ప్రభుత్వానికి ఒక వెసులుబాటుంది. సక్రమ దిగుమతి తెరిచి ఉంది కాబట్టి దొంగ బంగారం ధరకు అదే పైకప్పు. ఎంత గట్టిగా పట్టుకున్నా ధర ఆ కప్పు దాటి పెరగదు, స్మగ్లర్ లాభమే తగ్గుతుంది. ఎర్రచందనానికి ఆ కప్పు లేదు. శేషాచలం, వెలిగొండ, లంకమల, నల్లమల వంటి తూర్పు కనుమల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. చైనాలో ఫర్నిచర్‌కు, జపాన్‌లో వాయిద్యాలకు గిరాకీ ఉంది. అడవి చెట్టు ఎగుమతి నిషేధం. ఇక్కడ నిఘా పెరిగితే సరఫరా తగ్గి బయట ధర ఇంకా పెరుగుతుంది, దొరక్కుండా మిగిలినవాడికి లాభం ఎక్కువవుతుంది. గొడ్డలి పట్టే కూలీకి దక్కేది చాలా తక్కువ, ప్రాణం పోయే అవకాశం మాత్రం అతనిదే. నిఘా వద్దని నేను అనడం లేదు. 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది, నిఘా లేకపోతే కొండలు ఖాళీ అవుతాయి. కానీ నిఘా ఒక్కటే చాలదు. పొలాల్లో పెంచిన చెట్టుకు సక్రమ మార్కెట్టు రావాలి. 2019లో సాగుచేసిన ఎర్రచందనం ఎగుమతికి కేంద్రం దారి తెరిచింది, 2023 నవంబరులో అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ కింద ఎర్రచందనం విషయంలో భారత్‌ను ప్రత్యేక పరిశీలన జాబితా నుంచి తీసేశారు. చేవ కట్టడానికి పాతికేళ్లకు పైగా పట్టే చెట్టు కాబట్టి ఫలితం నెమ్మదిగానే వస్తుంది. రైతుకు నరికే అనుమతి, రవాణా పర్మిట్ త్వరగా దొరకడం ఇందులో కీలకం. పర్మిట్ ఆలస్యమైతే సొంత చెట్టు కూడా దొంగదారి పడుతుంది.

రేషన్ బియ్యం ఇంకో రకం. 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డుదారులకు మనిషికి నెలకు 5 కిలోలు కేంద్రం ఉచితంగా ఇస్తోంది. సేకరణ, నిల్వ, రవాణా కలిపి కిలోకు సుమారు 40 రూపాయలు ఖర్చవుతుంది. తినని ఇంటివాళ్లు దాన్ని దళారికి పది రూపాయల చుట్టూ అమ్మేస్తారు. అక్కడి నుంచి అది పాలిష్ పట్టించుకుని మార్కెట్టుకో, రేవుకో వెళ్తుంది. లేదా మిల్లరు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాల్సిన బియ్యంలో కలిసి మళ్లీ గోదాముకే చేరుతుంది. అప్పుడు అదే బియ్యానికి ఖజానా రెండోసారి డబ్బు కడుతుంది. మిల్లరుకు అప్పగించిన వడ్లు బయట అమ్ముడై ఉంటాయి. ఇక్కడ సరిహద్దు దాటే సరుకు కన్నా ఈ తిరుగుడు సరుకే పెద్ద బెడద అని నా అభిప్రాయం. తెలంగాణ 2025 నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తోంది. తినదగ్గ బియ్యమైతే అమ్మే కారణం తగ్గుతుంది. అయితే సన్నబియ్యానికి బయట ధర ఎక్కువ, కాబట్టి అమ్మాలనుకున్నవాడికి ఆశ కూడా పెరుగుతుంది. తినేవాళ్ల సంఖ్యను బట్టే ఫలితం ఉంటుంది.

యూరియాదీ ఇదే దారి. 45 కిలోల బస్తా రైతుకు 266.50కి వస్తే, పరిశ్రమకు అదే యూరియా అంతకు ఎన్నో రెట్లు. అందుకే ప్లైవుడ్ జిగురు తయారీకి మళ్లుతుంది. 2015లో మొత్తం యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేసింది ఈ మళ్లింపును కష్టం చేయడానికే.

సుంకం ఎంత ఉండాలి?

సున్నా అని చెప్పడం తేలిక, నేను అలా చెప్పను. మన బంగారం దాదాపు అంతా దిగుమతే. 2023–24లో సక్రమంగా వచ్చింది సుమారు 795 టన్నులు. అంత డబ్బు బయటికి పోతున్నప్పుడు కొంత సుంకం ఉండటంలో తప్పులేదు. అయితే ఆ కొంత ఎంతో, పట్టుకునే శక్తిని బట్టి నిర్ణయించాలి. అదే ఏడాది స్మగ్లింగ్‌పై నిఘా పెట్టే రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ (డీఆర్ఐ) పట్టుకున్నది 1,300 కిలోల పైచిలుకు. సక్రమ దిగుమతితో పోలిస్తే వెయ్యింట రెండు వంతులు కూడా లేదు. ఈ అంకెను చూసి స్మగ్లింగ్ తక్కువని గానీ, నిఘా గొప్పదని గానీ చెప్పలేం. పట్టుబడిన సరుకు పెరిగితే నిఘా మెరుగైనట్టా, దొంగరవాణా పెరిగినట్టా అన్నది ఆ ఒక్క అంకెతో తేలదు. అంతకన్నా నమ్మదగిన పద్ధతి, ఒక దేశం పంపానన్న సరుకును రెండో దేశం అందుకున్నానన్న సరుకుతో పోల్చడం. ఆర్థికవేత్తలు రేమండ్ ఫిస్మన్, షాంగ్‌జిన్ వెయ్ 2004లో హాంకాంగ్, చైనా లెక్కల మీద ఈ పని చేసి, పన్ను ఒక శాతం పాయింటు పెరిగితే ఎగవేత సుమారు 3 శాతం పెరుగుతుందని తేల్చారు.

తేడా పెద్దదైతే దొంగలే కాదు, చట్టం లోపల ఉన్నవాళ్లూ సందులు వెతుకుతారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక దక్షిణ కొరియాతో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద సుంకం లేకుండా బంగారం తెచ్చే వీలు కలిగింది. అంతకు ముందు ఏడాది మొత్తంలో అక్కడి నుంచి వచ్చింది 7 కోట్ల డాలర్ల బంగారం. జూలై 1 తర్వాత నెల రోజుల్లోనే దాదాపు 34 కోట్ల డాలర్ల బంగారం దిగింది. ఆగస్టు చివర్లో ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. కొరియాలో బంగారు గనులు పుట్టుకొచ్చి కాదు, పది శాతం తేడా పుట్టుకొచ్చి.

6 శాతానికి తగ్గించాక ఇంకో పని మిగిలింది. సుంకం శాతాల్లో ఉంటుంది, మోసే కూలి రూపాయల్లో ఉంటుంది. 10 గ్రాముల ధర 2025లో లక్షా ముప్పై వేలు కూడా దాటింది. పై లెక్కనే కిలో కోటీ 30 లక్షలకు మార్చి వేయండి. 6 శాతం సుంకం, జీఎస్టీ కలిపి ఎగ్గొట్టే మొత్తం 11.9 లక్షలు. 15 శాతం రోజుల్లో ఉన్న 12.9 లక్షలకు కూతవేటు దూరం. పట్టుబడితే పోయేదీ పెరిగింది కాబట్టి వ్యాపారం పూర్తిగా పాత స్థితికి రాలేదు. కమీషన్, కొన్నవాడికిచ్చే తగ్గింపు కూడా బంగారం ధరతో పాటే పెరుగుతాయనుకుందాం. కానీ విమానం టికెట్టు, మనిషి కూలి బంగారంతో పాటు రెట్టింపు కావు. పెట్టుబడి పెట్టినవాడు భరించగలిగే హద్దు 29లో ఒకటి నుంచి 25లో ఒకటికి జరిగింది. మోసేవాడికి ఇస్తామని చూపించగలిగే డబ్బు అంతకన్నా ఎక్కువగా పెరిగింది. ధర ఇంకా ఎక్కితే ఆ హద్దు ఇంకా జరుగుతుంది, సుంకం ఒక్క పైసా పెంచకపోయినా.